చవక సోలార్ పలక – పారవేయుటకంటె బాగుచేయుట మేలు

గత మార్చి నెలలో ఒక కౌలు రైతు నా కార్యాలయమునకు వచ్చి, సంతలో కొన్న మడత సోలార్ పలక నొకదానిని బల్లపై నుంచెను. రాత్రులు మొక్కజొన్న చేను కావలికి మంచెపై పండుకొనువాడు. “సార్, ఇది పొద్దున పది గంటల దాకా ఫోనుకు ఛార్జింగు పెడతది. ఎండ ముదిరే వేళకు ఆగిపోతది. సాయంత్రం మళ్లీ మొదలెడతది. ఎండతో నడిచేది ఎండకే నిలిచిపోతే ఇదెక్కడి సోలారు?” అని అడిగెను.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. దాని గురించి చదివి, పలకను విప్పి చూచి, కొంత చేయి కాల్చుకొని నేర్చుకొన్న సంగతులే ఈ వ్యాసములో వ్రాయుచున్నాను. ముందుగా నా అభిప్రాయమును రెండు మాటలలో చెప్పెదను. చవక సోలార్ పలకలలో చెడునది సాధారణముగా సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు భాగము కాదు. దాని వెనుక నతికించిన చిన్న బోర్డు, డయోడు, తీగ – ఇవి చెడును. వీటిని మార్చుకొనుట పెద్ద ఖర్చు గాని, పెద్ద చదువు గాని కోరు పని కాదు. కాబట్టి ఈ పని మన గ్రామములలో నలుగురికైనను తెలిసి యుండవలెను. దానిని నేర్పుట మన శాఖ బాధ్యతలలో ఒకటి కావలెనని నా వాదము.

పొలములో ఛార్జింగు ఎందుకు?

“ఇంటిలో కరెంటు ఉన్నది గదా, పొలములో ఫోను గొడవ ఏల?” అని కొందరడుగుదురు. ఇరువది యేండ్ల క్రిందట ఈ మాట చెల్లెడిది. ఈనాడు ఫోను రైతుకు పలుగు, పార వంటి పనిముట్టు. మోటారును ఇంటినుండి వేయుటకు, ఆపుటకు మొబైలు స్టార్టరులు వచ్చినవి. వాతావరణ సూచనల కొరకు 2019లో ప్రారంభమైన మేఘదూత్, పిడుగుపాటు హెచ్చరికల కొరకు దామిని వంటి యాప్‌లు ఉన్నవి. 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరులో తెలుగులోనే సలహా చెప్పుచున్నది. ఏప్రిల్, మే నెలలలో సాయంకాలపు మబ్బు పట్టినపుడు మేకల వెంట మైదానములో నున్న మనిషికి పిడుగు హెచ్చరిక అందవలెనన్న, అతని జేబులోని ఫోనుకు ప్రాణముండవలెను గదా!

ఇక టార్చిలైటు సంగతి. రాత్రి నీళ్లు కట్టుటకు పోవు రైతుకు గట్టుపై పాము కనబడుటకు, కనబడకపోవుటకు నడుమ నున్నది ఆ వెలుగే. ఛార్జింగు టార్చి మసకబారిన పిదప దానిని మోయుట వట్టి బరువు.

అన్నిటికంటె ముఖ్యమైన కారణము మరొకటి ఉన్నది. నా వద్దకు వచ్చిన ఆ రైతు పలక పనిచేయని వేళలలో ఏమి చేయుచుండెనో అడిగితిని. మోటారు స్టార్టరు డబ్బాలో ఒక ఫేజుకు ఒక తీగ, నేలలో పాతిన ఇనుప కడ్డీకి మరొక తీగ కట్టి, ఆ రెంటి మధ్య ఫోను ఛార్జరు తగిలించుచుండెనట. నెల క్రిందట తడి గట్టుపై చెప్పులు లేక నిలిచి ఆ తీగను ముట్టుకొని విసిరికొట్టబడి, అదృష్టవశమున బ్రతికినాడు. ఇట్టి కట్టుబడిని మీరందరు చూచియే యుందురు. స్టార్టరు డబ్బాలో రెండు ఫేజుల నడుమ 400 వోల్టులకు పైగా, ఒక ఫేజుకు భూమికి నడుమ సుమారు 230 వోల్టులు ఉండును. తడి నేలపై నిలిచిన మనిషికి ఇందులో ఏది తగిలినను ప్రాణాంతకము. అయిదు వోల్టులతో నిండు ఫోను కొరకు ఇంత ముప్పు తెచ్చుకొనుట, వెన్న చేతిలో పెట్టుకొని నేతికి తిరిగినట్లు కాదా? ఆ వెన్న మన నెత్తిమీదనే, ఎండ రూపమున, పగలంతయు కాయుచునే యున్నది.

ఎండలో నిలిచిపోవుటకు కారణము

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు వత్తును. సోలార్ పలకలో సిలికాను కణములు వరుసగా కూర్చబడి యుండును. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వారు మొదటిసారి ఆచరణయోగ్యమైన సిలికాను కణమును లోకమునకు చూపినపుడు, అది తనపై పడిన ఎండలో నూటికి సుమారు 6 వంతులు మాత్రమే విద్యుత్తుగా మార్చెడిది. నేటి మంచి కణములు 20 వంతులకు మించి మార్చుచున్నవి. ఒక్కొక్క కణము పని చేయునపుడు సుమారు అర వోల్టు ఇచ్చును. పన్నెండు కణములు వరుసగా కూర్చిన 6 వోల్టులు. ముప్పదియారు కూర్చిన సుమారు 18 వోల్టులు. మడత పలకలలో చాలా వరకు ఒక్కొక్క మడత 6 వోల్టులది.

కణమునకు వెలుతురు హితము, వేడిమి అహితము. ఇది పలువురికి తెలియని సంగతి. పలకపై ముద్రించు లెక్కలన్నియు కణము 25 డిగ్రీల వేడిలో నున్నప్పటివి. మన వేసవి మధ్యాహ్నమున నేలపై పరచిన నల్లని పలక 60, 65 డిగ్రీల వరకు కాగును. ప్రతి డిగ్రీకి వోల్టేజిలో నూటికి సుమారు 0.4 వంతు చొప్పున తగ్గును. అనగా 6 వోల్టుల పలక మిట్ట మధ్యాహ్నమున 5.1 వోల్టులకు దిగును. రాత్రివేళ కరెంటు వెనుకకు పారకుండుటకు లోపల పెట్టిన సాధారణ డయోడు మరొక 0.7 వోల్టు మ్రింగును. మిగిలినది 4.4. సన్నని తీగలో మరికొంత పోవును. ఫోనుకు కావలసినది 5 వోల్టులు. సుమారు నాలుగున్నరకు దిగువకు పోయిన అది ఛార్జింగు తీసుకొనుట మానివేయును.

ఉదయమున పలక 40 డిగ్రీల లోపే యుండును. అప్పుడు 5.6 వోల్టులు పుట్టి, డయోడు మ్రింగిన పిదప 4.9 మిగులును. నెమ్మదిగానైనను ఫోను నిండును. ఎండ ముదిరిన కొలది ఆగిపోవుటకు, చల్లబడగానే మరల మొదలగుటకు ఇదియే కారణము. పలక చెడలేదు. చేసినవాడు మన ఎండను లెక్కలో వేసికొనలేదు, అంతే.

కొనునప్పుడు జానెడు కొలతబద్ద చాలును

బాగుచేయుటకు ముందు, బాగుచేయదగినదా కాదా అని తెలిసికొనవలెను. అట్టపై “30 వాట్లు”, “60 వాట్లు” అని ముద్రించుట సులభము. దానిని పరీక్షించుట మరింత సులభము. నడినెత్తిన సూర్యుడున్నపుడు ఒక చదరపు మీటరుపై సుమారు 1000 వాట్ల ఎండ పడును. మంచి కణము అందులో అయిదవ వంతు, అనగా 200 వాట్లు ఇచ్చును. ఈ లెక్కన ఒక వాటుకు 50 చదరపు సెంటీమీటర్ల కణము కావలెను. కాబట్టి నల్లని కణముల పొడవును వెడల్పుతో హెచ్చించి, 50తో భాగించుడు. వచ్చినది ఆ పలక ఇవ్వగల గరిష్ఠ వాట్లు. అంతకు మించి అట్టపై వ్రాసియున్న, అది వ్రాత మాత్రమే.

ఆ రైతు పలకలో రెండు మడతలు. ఒక్కొక్కటి 24 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల వెడల్పు. రెంటికి కలిపి 768 చదరపు సెంటీమీటర్లు. 15 వాట్లకు మించదు. అట్టపై 30 అని ఉండెను! ఆచరణలో వేడి, దుమ్ము, ఏటవాలు లోపము అన్నియు పోగా ఎనిమిది వాట్లు వచ్చిన సంతోషింపవలెను. అయితే ఆ ఎనిమిది వాట్లును ఫోనుకు చాలును. 5000 మిల్లీ ఆంపియర్ గంటల ఫోను బ్యాటరీ నిండుటకు నష్టములతో కలిపి సుమారు 25 వాట్-గంటలు కావలెను. నాలుగైదు గంటల మంచి ఎండలో అది వచ్చును.

ఈ లెక్కతోనే మరొక మోసము బయటపడును. అరచేతి యంత సోలార్ ముక్క అతికించిన పవర్ బ్యాంకులు అమ్ముచున్నారు. 14 సెంటీమీటర్ల పొడవు, 7 వెడల్పు గల ముక్క రెండు వాట్లకు మించి ఇవ్వదు. 10,000 మిల్లీ ఆంపియర్ గంటల పవర్ బ్యాంకులో పట్టునది 37 వాట్-గంటలు. నష్టములు కలుపుకొన్న దానిని ఆ ముక్కతో నింపుటకు ముప్పది గంటల నిండు ఎండ, అనగా ఆరు రోజులు పట్టును. పైగా ఎండలో కాగు ఆ లిథియం బ్యాటరీకి ఆయువు తగ్గును. అట్టిదానిని కొనవలదని నా సలహా. పవర్ బ్యాంకు వేరు, పలక వేరుగా ఉండుటే మేలు.

మార్చవలసినవి నాలుగు

పలకను విప్పుటకు ముందు మల్టీమీటరుతో రెండు పరీక్షలు చేయవలెను. మీటరును డి.సి. వోల్టులపై నుంచి, ఎండలో పలక చివరలు పట్టి చూడుడు. 6 వోల్టుల మడత ఏమియు తగిలించనపుడు సుమారు 7 చూపవలెను. పిమ్మట మీటరు తీగను 10 ఆంపియర్ల రంధ్రమునకు మార్చి, క్షణకాలము చివరలను కలిపి చూచిన ఆ పలక ఎంత కరెంటు ఇవ్వగలదో తెలియును. సోలార్ పలకను ఇట్లు కలిపినంత మాత్రమున దానికి హాని లేదు. కాని ఈ రెండవ పరీక్షను బ్యాటరీపై గాని, ఇంటి కరెంటుపై గాని ఎన్నడును చేయరాదు. మీటరు పేలును; చేయి కాలును. ఆ రైతు పలకలో ఈ రెండు పరీక్షలును బాగుండెను. కణములు నిక్షేపము.

మొదటి మార్పు డయోడు. సాధారణ డయోడును తీసి షాట్కీ రకము డయోడు వేయవలెను. ఇది 0.7కు బదులు 0.3 వోల్టు మాత్రమే మ్రింగును. ఎలక్ట్రానిక్సు దుకాణములలో పది రూపాయల లోపే దొరకును. వెండి గీత ఉన్న వైపు ఏ దిక్కున నుండెనో గుర్తుంచుకొని, క్రొత్తదానిని అదే దిక్కున టంకము వేయవలెను.

రెండవ మార్పు మడతల కూర్పు. ఇదియే అసలైన మార్పు. రెండు మడతల ధన తీగలను ఒకటిగా, ఋణ తీగలను ఒకటిగా కలిపి ఉంచుట చేత మొత్తము 6 వోల్టులే వచ్చుచుండెను. ఆ కూర్పును విప్పి, మొదటి మడత ధన తీగను రెండవ మడత ఋణ తీగకు కలుపవలెను. మిగిలిన రెండు చివరల మధ్య 12 వోల్టులు వచ్చును. వేడికి 10కి దిగినను మనకు కావలసిన 5కు రెట్టింపు మిగులును. ఇప్పుడు యు.ఎస్.బి. రంధ్రముగల “బక్ కన్వర్టరు” అను చిన్న బోర్డును కొని ఈ చివరలకు తగిలించవలెను. ఎక్కువ వోల్టులను 5కు తగ్గించుట, తగ్గించినంత మేరకు కరెంటును పెంచుట దీని పని. వెల నూరు రూపాయలకు అటు ఇటు. పాతకాలపు మూడు కాళ్ల రెగ్యులేటరు కూడ వోల్టేజి తగ్గించును గాని, తగ్గించిన దానినంతయు వేడిగా పారవేయును. 17 వోల్టులను 5 చేయునపుడు మూడింట రెండు వంతుల శక్తి దాని తలపైననే కాగిపోవును. కాబట్టి అది వలదు. మడతలు మూడున్న 18 వోల్టులగును. ఏమియు తగిలించనపుడు అది 21 వరకు పోవును గనుక, బోర్డు ఎన్ని వోల్టులు తట్టుకొనునో ముందు అడిగి కొనవలెను.

ఈ కూర్పులో ఒక నియమము కలదు. వరుసగా కూర్చిన మడతలలో ఒకదానిపై కొమ్మ నీడ పడిన, రెండవది ఎండలో నున్నను, మొత్తము కుంగిపోవును. ఒక కాలువకు రెండు తూములున్నపుడు ఒకటి మూసిన నీరు ఆగినట్లే ఇదియు. కావున రెండు మడతలును పూర్తిగా ఎండలో పరచవలెను.

మూడవ మార్పు తీగ. చవక పలకతో వచ్చు యు.ఎస్.బి. తీగలలో రాగి పోగులు వెంట్రుక వలె సన్నగా ఉండును. అట్టి తీగ మూడు మీటర్లున్న, ఒక ఆంపియరు పారునపుడు ఒక వోల్టుకు పైగా దారిలోనే పోవచ్చును. ఎక్కువ వోల్టులు, తక్కువ కరెంటు ఉండు పలక వైపు పొడవైన తీగను పెట్టి, బోర్డును ఫోను ప్రక్కనే పెట్టినచో ఈ నష్టము బహు స్వల్పము. దీనివలన రెండవ లాభము – పలక ఎండలో, ఫోను చెట్టు నీడలో. ఫోనును పలక క్రిందనో, దాని సంచిలోనో పెట్టి ఎండలో వదలుట పెద్ద పొరపాటు. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం బ్యాటరీని ఛార్జి చేయరాదు.

నాలుగవ మార్పు గాలి, తడి సంగతి. పలకను నేలపై పరచక, నాలుగు పుల్లలు పాతి జానెడెత్తున కట్టిన క్రింద గాలి ఆడి వేడి తగ్గును. టంకము వేసిన చోటులను సిలికాను జిగురుతో మూయవలెను. జిగురు కొనునపుడు వాసన చూడుడు. వెనిగరు వాసన వచ్చు రకము రాగిని తినివేయును. ఆ వాసన లేని రకము తీసికొనవలెను.

పలకను ఏ దిక్కునకు వంచవలెను అను సందేహమునకు అగ్గిపుల్ల చాలును. పలకపై అగ్గిపుల్లను నిటారుగా నిలిపి, దాని నీడ కనబడనంత చిన్నదగు వరకు పలకను త్రిప్పుడు. అదియే సరియైన వాలు. రెండు గంటల కొకసారి సర్దిన చాలును. దుమ్మును ఉదయమున, పలక చల్లగా నున్నపుడు, తడిగుడ్డతో తుడువవలెను.

ఇంకొక చిక్కు కలదు. మబ్బు అడ్డము వచ్చి పోయిన పిదప, ఫోను తక్కువ కరెంటుతోనే సరిపెట్టుకొని ఊరకుండును. ఎండ వచ్చినను మరల పెంచదు. ఒకసారి తీగను ఊడదీసి పెట్టిన సర్దుకొనును. అట్లు గాక, పగలు పలకతో మంచి పవర్ బ్యాంకును నింపి, రాత్రి దానితో ఫోనును, టార్చిని నింపుకొనుట సుఖము.

నేను చేసిన పొరపాటు

ఇవన్నియు నేను పుట్టుకతో నేర్చినవి కావు. మొదట కొన్న బోర్డు మరతో వోల్టులు హెచ్చుతగ్గులు చేయు రకము. దాని మరను మీటరు పెట్టి చూడకుండ, కంటి అంచనాతో త్రిప్పి, ఆ రైతు ఫోనునే తగిలించితిని. మర సరిచేయని ఆ బోర్డు నుండి ఎన్ని వోల్టులు వచ్చెనో గాని, ఫోను ఛార్జింగు భాగము అక్కడికక్కడే కాలిపోయెను. బాగుచేయించిన ఖర్చు నేనే ఇచ్చుకొంటిని. అతడు నన్నేమియు అనలేదు. “పోనీలెండి సార్, ఇప్పుడు తెలిసింది గదా” అన్నాడు. ఆ మాట నాకు తిట్టుకంటె ఎక్కువగా తగిలెను. తన చేను సంగతులు సకాలమున తెలుపు ఫోను వారము రోజులు అతనికి లేకపోయెను.

కావున నేను చెప్పునదేమనగా: స్థిరముగా 5 వోల్టులిచ్చు, మర లేని బోర్డునే కొనుడు. అదియైనను మొదటిసారి మీటరుతో చూడనిదే ఫోను తగిలించవద్దు. మీటరు 5 నుండి 5.2 లోపల చూపవలెను. ఈ ఒక్క జాగ్రత్త తీసికొనియుండిన నాకా సిగ్గు తప్పెడిది.

పలక సంగతి ముగింతును. మార్పులన్నియు చేసిన పిదప మధ్యాహ్నము పన్నెండు గంటలకు, ఎండ పెళపెళలాడుచుండగా, మంచెపై తగిలించి చూచితిమి. ఫోను ఆగకుండ నిండినది. ఆ సాయంకాలమే అతడు స్టార్టరు డబ్బాలోని తీగలు రెండును పీకివేసెను. ఈ మొత్తము పనికి పట్టిన ఖర్చు రెండు వందల రూపాయల లోపు.

స్ప్రేయరు బ్యాటరీకి వేరు పద్ధతి

బ్యాటరీ స్ప్రేయరులు వాడు రైతులు, “దీనికి కూడ పలక పెట్టవచ్చునా?” అని అడుగుచున్నారు. పెట్టవచ్చును, మడత పలక మాత్రము చాలదు. సాధారణముగా వీటిలో 12 వోల్టుల, 8 ఆంపియర్ గంటల సీలు వేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండును. అనగా 96 వాట్-గంటలు. దీనికి మూరెడు పొడవు, జానెడున్నర వెడల్పు గల 20 వాట్ల గాజు పలక కావలెను. అది రోజుకు అయిదు గంటల నిండు ఎండకు సుమారు 70 వాట్-గంటలు ఇచ్చును. సగము వాడిన బ్యాటరీ ఒక రోజులో, పూర్తిగా వాడినది రెండు రోజులలో నిండును.

అయితే పలకను బ్యాటరీకి నేరుగా తగిలించరాదు. ఈ పలక 21, 22 వోల్టుల వరకు పోగలదు. బ్యాటరీకి 14.4 వోల్టులు దాటరాదు. దాటిన లోపలి ద్రవము ఆవిరియై బ్యాటరీ ఉబ్బిపోవును. నడుమ ఛార్జి కంట్రోలరు, బ్యాటరీ ధన తీగపై 3 ఆంపియర్ల ఫ్యూజు తప్పక ఉండవలెను. క్రొత్త రకము స్ప్రేయరులు కొన్నిటిలో లిథియం బ్యాటరీలు వచ్చుచున్నవి. లెడ్ యాసిడ్‌కు చేసిన కంట్రోలరు వాటికి పనికిరాదు. వాటిని కంపెనీ ఇచ్చిన ఛార్జరుతోనే నింపవలెను. సీజను ముగిసిన పిమ్మట లెడ్ యాసిడ్ బ్యాటరీని వట్టిపోయినట్లే మూల పడవేసిన, మరుసటి సీజనుకు అది చచ్చిపోవును. నెలకొకసారి నింపి ఉంచవలెను. ఈ పనికి ఇంటి కప్పుపై నున్న పలకయే చాలును.

చేయరానివి

ధైర్యము చెప్పినపుడు హద్దులును చెప్పవలెను. పవర్ బ్యాంకును, ఫోను బ్యాటరీని విప్పవద్దు. లోపలి లిథియం కణము గుచ్చుకొన్న మంట లేచును. ఉబ్బిన బ్యాటరీని మరల ఛార్జి చేయవద్దు. ఇంటి కప్పుపై పెద్ద పలకలను, సోలార్ పంపు పలకలను ఈ పద్ధతిలో ముట్టుకొనవద్దు. అక్కడ పలకలు పలు వరుసగా కూర్చి వందల వోల్టులు పుట్టించును. అది చదివిన మెకానిక్కు పని. ఈ వ్యాసములో చెప్పినదంతయు ఒక మనిషి చేతబట్టుకొని పోగల చిన్న పలకలకే వర్తించును.

ఆక్షేపణలు, నా సమాధానములు

ఈ విషయము నా తోటి అధికారులతో ముచ్చటించినపుడు మూడు ఆక్షేపణలు వచ్చినవి.

“చవకది కొననేల, బాగుచేయనేల? మంచిదే కొనవచ్చును గదా” అనునది మొదటిది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నట్లు ఇది వినుటకు బాగుండును. కొనగలవారు మంచిదే కొనవలెను. నేనును అదే చెప్పుదును. కాని చవక పలకలు ఇప్పటికే వేల ఇండ్లలో ఉన్నవి. అవి చెడినవని చూరులో చెక్కబడి యున్నవి. కొన్నవారు తెలివితక్కువవారు కారు. చేతిలో నున్న డబ్బు అంతే. కొని ఉన్నదానిని పనికి తెచ్చుట వారికి చేయదగిన సాయము.

“వీటి మన్నిక ఎంత?” అనునది రెండవది. ఇది న్యాయమైన ప్రశ్న. గాజు పలకలకు కంపెనీలు ఇరువదియైదేండ్ల హామీ ఇచ్చుచున్నవి. మడత పలకలపై నున్న చవక ప్లాస్టిక్ పొర కొన్నియేండ్లకు పసుపురంగుకు తిరిగి, వెలుతురును అడ్డగించును. అప్పుడు దానిని బాగుచేయలేము. అందుచేత పొర పసుపుబారిన పలకలపై ఖర్చు పెట్టవద్దని నేనే చెప్పుదును. కాని పొర తేటగా నున్న పలకను, పది రూపాయల డయోడు పోయినదని చెత్తకుప్పపై వేయుట ఏమి లెక్క? పలకలు ఎలక్ట్రానిక్ వ్యర్థముల క్రిందికి వచ్చునని 2022 నాటి ఈ-వ్యర్థముల నియమములే చెప్పుచున్నవి. కాల్వగట్టున పారవేయదగినవి కావు. బాగుచేసిన ప్రతి పలకయు చెత్తలో ఒకటి తక్కువ.

“ఇది వ్యవసాయ శాఖ పనియా?” అనునది మూడవది. దీనికే నేను గట్టిగా సమాధానము చెప్పదలచితిని. విత్తనశుద్ధి చేసి చూపుదుము. స్ప్రేయరు నాజిల్ మార్చి చూపుదుము. పనిముట్టును సరిగా వాడుట నేర్పుట మన పనియైనపుడు, ఆ పనిముట్టుకు ప్రాణము పోయుట మన పని కాకెట్లు పోవును? యాప్‌లో పంట నమోదు చేయించుకొమ్మని, యాప్‌లో వాన సూచన చూచుకొమ్మని రైతుకు మనమే చెప్పుచున్నాము. ఆ ఫోను పొలములో ఎట్లు నిండునో ఎవరును అడుగుట లేదు. అడగనందువలన రైతు స్టార్టరు డబ్బాలో చేయి పెట్టుచున్నాడు. 2019లో మొదలైన పి.ఎం. కుసుమ్ పథకము ద్వారా సోలార్ పంపుల కొరకు ప్రభుత్వములు ఎంతో శ్రమ పడుచున్నవి. అది అవసరము. దాని ప్రక్కన ఈ చిన్న పనికి కావలసినది సొమ్ము కాదు. ఒక పూట తీరిక.

గ్రామాధికారులకు నా విన్నపము

రైతు సేవా కేంద్రమునందు గాని, రైతు వేదికయందు గాని, వేసవి పనులు తగ్గిన దినములలో ఒక పూట “పలకల మరమ్మతు దినము” ఏర్పాటు చేయుడు. ఒక మల్టీమీటరు, ఒక టంకపు కడ్డీ, కొన్ని షాట్కీ డయోడులు, నాలుగైదు బోర్డులు ఉన్న చాలును. మండల కేంద్రములో సెల్లు ఫోనులు బాగుచేయు కుర్రవానిని, దగ్గరలోని ఐ.టి.ఐ. విద్యార్థులను పిలువుడు. టంకము వేయుట వారికి చేతిలో పని. రైతులను తమ ఇండ్లలో మూలబడిన పలకలు తెచ్చుకొమ్మని దండోరా వేయించుడు. వచ్చిన ప్రతి పలకను మీటరుపై చూచి, బాగుపడునదానిని బాగుచేసి, పనికిరానిదానిని పనికిరాదని నిజము చెప్పి పంపుడు. ఊరికి ఇద్దరు యువకులకు, వీలైన ఇద్దరు యువతులకు ఈ పని పట్టుబడిన, మరుసటి యేడు మీరు వెళ్లనక్కరలేదు.

అదే పూట మరొక పనియు చేయవచ్చును. వచ్చిన రైతులను స్టార్టరు డబ్బాలలో తగిలించుకొన్న అదనపు తీగల సంగతి అడుగుడు. తిట్టవద్దు; కేసు పేరెత్తవద్దు. “దీని బదులు ఇది” అని పలకను చేతికిచ్చి చూపుడు. వట్టి “వద్దు” అను మాటకంటె చేతిలో పెట్టిన బదులు వస్తువు రైతు మనస్సును త్వరగా మార్చునని నా అనుభవము.

రైతు సోదరులారా, మీ ఇంటి అటకపై అట్టి పలక ఒకటి ఉన్నదేమో ఈ ఆదివారము దించి చూడుడు. పొర తేటగా నున్నదా? ఎండలో పెట్టి మీటరు పట్టిన ఏడు వోల్టులు చూపుచున్నదా? అయిన దానిని పారవేయకుడు. దాని వెనుక చిన్న బోర్డును మార్చించుకొని, మంచె కొమ్మకు కట్టుకొనుడు. ఆ పిదప స్టార్టరు డబ్బా మూతను మోటారు పనికి తప్ప మరెందుకును తెరువకుడు.